ఏడీహెచ్‌డీ గోలీలు: లాభమెంత, తరుగెంత అని ఏడాదిగా లెక్క చూసుకున్న తీరు

"ఈ మందు మంచిదేనా?" అని అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు దొరకదు. ఎన్ని మిల్లీగ్రాములు, ఏ గంటకు, పిల్లవాడి ఏ ఇబ్బంది కోసం అని విడదీసి అడిగితేనే దొరుకుతుంది. హనుమకొండలో మా ఇంట్లో ఏడాది పైగా నడుస్తున్న లెక్క ఇదే. మొదలుపెట్టిన నాడు మా బాబుకు 8 ఏండ్లు, మూడో తరగతి, బరువు 24.2 కిలోలు, ఎత్తు 124 సెంటీమీటర్లు. ధ్యాస నిలవని, కుదురు లేని ఏడీహెచ్‌డీ ఇబ్బందికి వాడుతున్న మందు పేరు మిథైల్‌ఫెనిడేట్. ఇక్కడ రాసిన మోతాదులు డాక్టర్ మేడం మా బాబును చూసి రాసినవి, ఇంకో పిల్లవాడికి అవి సరిపోవాలని లేదు. లెక్క చూసే పద్ధతి మాత్రం ఎవరికైనా పనికొస్తుంది.

గోలి ముట్టుకోకముందే చేయాల్సిన పని చాలా ఉంది. ఏడీహెచ్‌డీ అని తేల్చడానికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. ధ్యాస నిలవకపోవడానికి 9 లక్షణాలు, కుదురులేమికీ తొందరపాటుకూ కలిపి 9 లక్షణాలు ఉంటాయి. ఏదో ఒక వరుసలో కనీసం 6, ఆరు నెలలకు తగ్గకుండా, 12 ఏండ్ల లోపే మొదలై, ఇల్లూ బడీ వంటి రెండు చోట్ల కనబడాలి. ఇంట్లో మాత్రమే ఆగమాగం చేసి బడిలో నిమ్మలంగా కూర్చునే పిల్లవాడి విషయంలో కారణం వేరే ఎక్కడో వెతకాలి. వాండర్‌బిల్ట్ అనే ప్రశ్నాపత్రం తల్లిదండ్రులకు 55 ప్రశ్నలతో, టీచర్‌కు 43 ప్రశ్నలతో ఉంటుంది. లక్షణాల ప్రశ్నలకు ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కు. మొదటి 18 ప్రశ్నల్లో 2 గానీ 3 గానీ పడ్డవే లెక్కలోకి వస్తాయి. మా బాబుకు ధ్యాస వరుసలో ఇంటి కాగితం మీద 8, బడి కాగితం మీద 7 వచ్చాయి. ఆ కాగితాలను జిరాక్సు తీసి దాచుకోవాలి. రెండు నెలల తర్వాత మందు పనిచేసిందా అన్న మాట వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడడానికి అవే ఆధారం.

కంటి పరీక్ష, చెవి పరీక్ష ముందే అయిపోవాలి. బోర్డు కనబడని పిల్లవాడు కూడా ధ్యాస లేనట్టే కనిపిస్తాడు. రాత్రి గురక పెట్టి నోటితో ఊపిరి తీసే పిల్లవాడికి నిద్ర చాలక పగలు కుదురు ఉండదు, వాడికి ముందు చూపించాల్సింది ముక్కూ గొంతూ డాక్టర్‌కు. గుండె సంగతి దాచకుండా చెప్పాలి: పరుగెత్తుతుంటే స్పృహ తప్పడం, పుట్టుకతో గుండెలో ఏదైనా లోపం, ఇంట్లో 40 ఏండ్ల లోపు ఎవరైనా ఉన్నట్టుండి చనిపోవడం. "మా తమ్ముడు చిన్నప్పుడే పోయిండు, ఎందుకో తెలియదు" అన్న సంగతి కూడా ఇక్కడ పనికొచ్చే సంగతే. అట్లాంటివి ఏవీ లేక, పరీక్షలో గుండె, బీపీ మామూలుగా ఉంటే ప్రతి పిల్లవాడికీ ఈసీజీ అవసరం పడదు. మూర్ఛ, కనురెప్పలు భుజాలు అదిరే అలవాటు, ఇంట్లో మానసిక జబ్బులు ఉంటే అవి కూడా ముందే చెప్పాలి.

ఇక 6 ఏండ్ల లోపు పిల్లలకు ముందు గోలి కాదు, తల్లిదండ్రులకు నేర్పే ప్రవర్తన శిక్షణే మొదటి వైద్యం. ఆరు దాటిన వాళ్లకు మందూ శిక్షణా రెండూ కలిసి నడవాలి. ఈ మాట చాలామంది సగమే వింటారు, గోలి తెచ్చుకొని శిక్షణ వదిలేస్తారు.

మేము మందుకు ముందు రెండు వారాలు ఒక నోటుబుక్కు రాశాం. మొత్తం చికిత్సలో అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడింది అదే. "బాగా చదవాలి", "మాట వినాలి" లాంటివి అందులో రాయలేదు, ఎందుకంటే అవి కొలవలేం. మూడు పనులు ఎంచుకున్నాం. పొద్దున లేచి స్నానం చేసి బట్టలు వేసుకునే దాకా ఎన్నిసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది: సగటున 11 సార్లు. బోర్డు మీద 10 వరుసలు రాస్తే ఎన్ని దించుకున్నాడు: 3. పావుగంట, ఇరవై నిమిషాల హోంవర్కుకు ఎంతసేపు పట్టింది: గంటా 50 నిమిషాలు. అదే పేజీలో ఎడమ పక్కన ఇంకో వరుస: రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది, డబ్బాలో ఎంత అన్నం మిగిలింది, తలనొప్పి, కడుపునొప్పి, ఏడుపు. మందు మొదలు కాకముందే ఈ ఎడమ వరుస రాయాలి. మా బాబుకు గోలి వేయకముందే వారానికి రెండు రోజులు కడుపునొప్పి ఉండేది, రాత్రి పదిన్నర దాకా నిద్రపట్టేది కాదు. ఆ రెండు వారాల రాత లేకుంటే ఆ రెండింటినీ మందు ఖాతాలోనే వేసేవాళ్లం.

మొదటి వారం మామూలు గోలి 5 మిల్లీగ్రాములు, పొద్దున టిఫిన్ అయ్యాక. రెండో వారం 5 పొద్దున, 5 మధ్యాహ్నం. మూడు, నాలుగు వారాలు 10 పొద్దున, 5 మధ్యాహ్నం. ఈ మామూలు గోలి వేసిన అరగంట నుంచి పనిచేయడం మొదలై 3, 4 గంటల్లో దిగిపోతుంది. అందుకే పొద్దున ఏడుంబావుకు వేస్తే పదకొండు దాటేసరికి ఏమీ మిగలదు, టీచర్ "మొదటి మూడు పీరియడ్లు బాగుంటున్నడు, తర్వాత మళ్లీ అంతే" అంటుంది. అది మందు పనిచేయకపోవడం కాదు, గంట అయిపోవడం. టీచర్ మాటను పీరియడ్ల వారీగా అడగాలి. మా దగ్గర క్లాసులో యాభై మంది ఉంటారు, 43 ప్రశ్నలు ప్రతి వారం నింపమంటే ఏ టీచరూ నింపదు. చిన్న చీటీ మీద మూడే మూడు అడిగి శుక్రవారం డైరీలో పెట్టాం: మూడో పీరియడ్‌లో ఎన్నిసార్లు లేచాడు, ఆరో పీరియడ్‌లో ఎన్నిసార్లు లేచాడు, అన్నం తిన్నాడా. ఏడాదిలో ఒకటి రెండు వారాలు తప్ప ఆ చీటీ వస్తూనే ఉంది.

మధ్యాహ్నం గోలితోనే అసలు చిక్కు. పిల్లవాడి బ్యాగులో ఈ గోలీలు పెట్టి పంపకూడదు. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో ఎక్స్ షెడ్యూల్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్న జాబితాలోది, మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కిందికి కూడా వస్తుంది. డాక్టర్ చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, ఒకటి షాపులో ఉండిపోతుంది, దాన్ని వాళ్లు రెండేండ్లు దాచాలి. చీటీ మీద తేదీ, సంతకం, పిల్లవాడి పేరు, చిరునామా, మోతాదు, మొత్తం ఎన్ని గోలీలు అన్నవి ఉండాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా షాపువాళ్లు వెనక్కి పంపుతారు, అది వాళ్ల తప్పు కాదు. ఈ మందు అమ్మడానికి వేరే లైసెన్సు కావాలి కాబట్టి అన్ని షాపుల్లో దొరకదు. దవాఖాన మెట్లు దిగకముందే చీటీలో ఆ వివరాలన్నీ ఉన్నాయో లేదో చదువుకోండి. మేము రెండోసారి మొత్తం సంఖ్య రాయించుకోవడం మరిచి, కాజీపేట దాకా వచ్చినవాళ్లం మళ్లీ వెనక్కి పోవాల్సి వచ్చింది.

ఇంకో సంగతి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు వాళ్లకు ముఖ్యం. 2020 టెలీమెడిసిన్ నిబంధనల ప్రకారం ఎక్స్ షెడ్యూల్ మందులు వీడియో కాల్ మీద రాయకూడదు. ఫోన్‌లో చూపించుకొని చీటీ వాట్సాప్‌లో తెప్పించుకుందాం అనుకుంటే ఈ మందుకు కుదరదు, మనిషి వెళ్లాల్సిందే. సలహా కోసమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ-మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడుతారు. మందు అయిపోవడానికి 8, 10 రోజుల ముందే బయలుదేరాలి, ఎందుకంటే సరుకు లేదన్న మాట తరచుగా వినిపిస్తుంది. షాపు కౌంటర్ దగ్గరే స్ట్రిప్పు మీద పేరు, మిల్లీగ్రాములు, ఎస్సార్ (నెమ్మదిగా విడుదలయ్యేది) అని ఉందా లేదా చదవాలి. ఒకసారి మాకు నెమ్మదిగా విడుదలయ్యే గోలి బదులు మామూలు గోలీలు ఇచ్చారు. పెట్టె దాదాపు ఒకే తీరు, చూసుకోకపోతే పిల్లవాడికి మూడు గంటల మందే పడేది. అమెరికాలో ఉన్న చుట్టాలు ఆడెరాల్ అనే యాంఫెటమిన్ రకం మందు పేరు చెప్తారు, అది మన షాపుల్లో దొరకదు. తెచ్చిపెట్టమని మాత్రం ఎవరినీ అడగొద్దు, యాంఫెటమిన్ రకం మందులు తెచ్చినవాళ్లు చట్టం చేతిలో పడతారు.

మధ్యాహ్నం గోలి తిప్పలు తప్పించడానికి ఐదో వారం నుంచి రోజంతా పనిచేసే 18 మిల్లీగ్రాముల గోలికి మారాం. ఇది 10 నుంచి 12 గంటలు పనిచేస్తుంది. పై పూతలో ఉన్న మందు ముందు విడుదలవుతుంది, లోపలిది చిన్న రంధ్రం గుండా మెల్లగా బయటికొస్తుంది. ఖాళీ అయిన గుల్ల మలంలో అట్లనే కనబడుతుంది. గోలి అరగలేదని భయపడాల్సిన పని లేదు. నలగ్గొట్టడం, సగం చేయడం, నమలడం మాత్రం పనికిరాదు.

ఆ చివరి మాట మాకు రెండో రోజే తెలిసొచ్చింది. గోలి పెద్దది, గొంతులో తగిలిందని వాడు నమిలేశాడు. రోజంతటి మందు ఒక్కసారే విడుదలైంది. తొమ్మిదిన్నరకు కూర్చోబెట్టి నిమిషం లెక్కపెడితే నాడి 116, చేతులు చల్లగా ఉన్నాయి, ఊరికే ఏడుపు. డాక్టర్‌కు ఫోన్ చేస్తే బడికి పంపకుండా ఇంట్లో కనిపెట్టుకొని ఉండమన్నారు, మధ్యాహ్నానికి తగ్గింది. మరుసటి రోజు నుంచి మందు ఆపి మింగడం నేర్పాం. నానబెట్టిన సగ్గుబియ్యం ఒక్క గింజ, రెండు రోజుల తర్వాత చక్కెర పూసిన సోంపు గింజ, తర్వాత చిన్న కలకండ పలుకు. నాలుక మధ్యలో పెట్టి, సీసాకు నోరు ఆనించి నీళ్లు పీల్చుకుంటూ మింగాలి. గ్లాసుతో తాగితే తల వెనక్కి వాలి మింగడం కష్టమవుతుంది. తొమ్మిది రోజులకు గోలి ఇబ్బంది లేకుండా దిగింది. ఈ తొమ్మిది రోజులు మందు మార్చడానికి ముందే పెట్టుకోవాల్సింది.

రెండు నెలలకు ప్రశ్నాపత్రం మళ్లీ నింపాం. ధ్యాస వరుసలో ఇంట్లో 8 కాస్తా 3, బడిలో 7 కాస్తా 3. గుర్తుచేయడం 11 నుంచి 7కు తగ్గింది, కానీ అది నిజంగా మందు లాభం కాదు: పొద్దున బట్టలు వేసుకునే సమయానికి గోలి ఇంకా ఎక్కదు. ఆ తగ్గుదల గోడకు అతికించిన బొమ్మల పట్టిక వల్ల వచ్చింది, దాన్ని మందు ఖాతాలో వేయలేదు. బోర్డు మీది 10 వరుసల్లో 8 దించుకుంటున్నాడు, ఇది మందుదే. హోంవర్కు 45 నిమిషాలకు దిగింది, ఇదీ మందుదే. రాత దస్తూరి మారలేదు, ఒత్తులు గుణింతాలు తప్పులు అట్లనే ఉన్నాయి. అక్షరాల చిక్కు మందుకు లొంగలేదంటే అది వేరే సంగతని అర్థం, నేర్చుకోవడంలో ఇబ్బందులకు చేసే పరీక్ష విడిగా చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నేర్చుకోవడంలో ప్రత్యేక లోపం ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. పరీక్షల్లో అదనపు సమయం లాంటివి కావాలంటే ఆ పరీక్షే దారి.

ఇక తరుగు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లిన రైతుకు తెలుసు, కాంటా మీద కనబడే బరువు వేరు, తరుగు పోను చేతికొచ్చేది వేరు. ఈ మందుకూ అంతే.

అన్నింటికంటే ముందు కనబడేది ఆకలి తగ్గడం. మధ్యాహ్నం డబ్బా సగానికి పైగా తిరిగొచ్చేది. తినమని బడిలో ఒత్తిడి చేయించడం వల్ల లాభం లేదు, ఆ వేళ మందు గట్టిగా ఉంటుంది. ఆకలి ఉన్న రెండు వేళలను పట్టుకోవాలి. గోలికి ముందు పొద్దున ఏడింటికి కడుపునిండా: రెండు గుడ్లు, నెయ్యి వేసిన ఇడ్లీ గానీ జొన్నరొట్టె గానీ, గ్లాసు పాలు. ముందు తిండి, తర్వాత గోలి, ఈ వరుస తిరగబడితే ఆ రోజు పాడైనట్టే. మధ్యాహ్నానికి కొద్దిగా తిన్నా బలమిచ్చేవి: గట్టి పెరుగన్నం, పల్లీపట్టీ, నువ్వులుండ. పొడిపొడి పులిహోర నోరు ఎండే పిల్లవాడికి దిగదు. రాత్రి ఏడింటికి ఒకసారి, తొమ్మిదింటికి మళ్లీ ఒకసారి అన్నం పెడుతున్నాం. తొమ్మిదింటి అన్నమే వాడు ఇష్టంగా తింటాడు.

రెండోది మందు దిగే వేళ. సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య వాడు చిన్న మాటకే చెల్లెను నెట్టడం, ఏడవడం, వస్తువులు విసరడం. ఈ అరగంట చూసి "మందు వేసినప్పటి నుంచి మొండితనం ఎక్కువైంది" అని మందు ఆపేసినవాళ్లు నాకు తెలుసు. గడియారం పక్కన పెట్టుకొని రాసుకుంటే అది రోజూ ఒకే వేళకు వచ్చి పోతుందని తేలుతుంది. ట్యూషన్‌ను ఆ వేళ నుంచి తప్పించి ఆరున్నరకు మార్చాం. ఐదింటికే ఏదైనా తినిపించి బయట ఆడుకోనిస్తే సగానికి పైగా తగ్గింది. అయినా తగ్గకపోతే డాక్టర్లు మధ్యాహ్నం చిన్న మోతాదు జత చేయడమో, గోలి రకం మార్చడమో చేస్తారు.

నిద్ర మా విషయంలో పెద్దగా మారలేదు, ముందు పదిన్నర, ఇప్పుడూ పదింబావు. మందు ఆలస్యంగా వేస్తే మాత్రం వెంటనే తెలుస్తుంది. ఆదివారం తొమ్మిదిన్నరకు వేసిన రోజు రాత్రి పన్నెండు దాటింది. అందుకే ఎనిమిది దాటితే ఆ రోజు వేయొద్దని మేడం గీత గీశారు. తలనొప్పి వచ్చిన రోజులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు డబ్బా ముట్టని రోజులు, నీళ్ల సీసా నిండుగా తిరిగొచ్చిన రోజులు. జలుబు సిరప్ దగ్గర జాగ్రత్త: చాలా సిరప్పుల్లో ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటుంది, ఈ మందుతో కలిస్తే గుండె వేగం, బీపీ ఇంకా పెరుగుతాయి. షాపులో అడిగి తెచ్చేముందు వెనక రాసింది చదవండి. టీ, కాఫీ కూడా అదే దారిలో పనిచేస్తాయి.

నాడి, బీపీ మోతాదు పెంచిన ప్రతిసారీ చూడాలి, తర్వాత ఆరు నెలలకోసారి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదే ఉంది. అందులోనే పదేండ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలకు బరువు మూడు నెలలకోసారి, ఎత్తు ఆరు నెలలకోసారి చూడమని ఉంది. కూర్చొని నిమ్మలంగా ఉన్నప్పుడు కూడా నాడి 120 దాటి అట్లనే ఉంటే డాక్టర్‌కు చెప్పాలి. ఛాతీలో నొప్పి, ఆటలో స్పృహ తప్పడం అయితే ఫోన్ కోసం ఆగొద్దు, దవాఖానకు పోవాలి. బీపీ కొలిచే పట్టీ పిల్లల సైజుదే ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. పెద్దల పట్టీ చిన్న చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

నాలుగో నెలలో టీచర్ "ఇంకా కొంచెం బాగుండొచ్చు" అంది. మేడం ఒక వారం 36 వేసి చూద్దామన్నారు. బడి చీటీలో ఆ వారం అన్నీ బాగున్నాయి, మూడో పీరియడ్‌లో ఒక్కసారి కూడా లేవలేదు. ఇంట్లో మాత్రం వాడు పెదవి తోలు పీక్కుంటూ ఒక్క దగ్గరే కూర్చునేవాడు. గురువారం పడుకునే ముందు "అమ్మా, గోలి వేసుకుంటే నాకు నవ్వొస్తలేదు" అన్నాడు. నోటుబుక్కులో నవ్వుకు వరుస లేదు, ఆ రాత్రే గీశాం. మరుసటి రోజు మేడంతో మాట్లాడి 18కి తిరిగొచ్చాం. పిల్లవాడు మొద్దుబారినట్టు, బొమ్మలా ఉంటే మోతాదు ఎక్కువైందని అర్థం. ఆ స్థితిని "ఎంత బుద్ధిమంతుడైండు" అని మెచ్చుకునే ప్రమాదం ఉంది, ముఖ్యంగా బడిలో. అందుకే మోతాదు తేల్చే ముందు పిల్లవాణ్ని విడిగా అడగాలి. "మందు ఎట్లుంది?" అంటే వాడు చెప్పలేడు. "ఆడుకోబుద్ధయితుందా, గుండె దడదడమంటుందా, బడిలో ఏది తేలికైంది?" అని అడిగితే చెప్తాడు.

బరువు లెక్కలో మేము చేసిన తప్పు ఇంకా చాలా ఇళ్లలో జరుగుతుంది. ఆరు వారాలకు 23.3 కిలోలకు పడింది. ఆరో నెలకు 24.1 అయింది. "మళ్లీ మొదటికొచ్చింది, ఫరవాలేదు" అని ఊపిరి పీల్చుకున్నాం. మేడం వయసుకు తగ్గ ఎదుగుదలను గీతలుగా చూపే గ్రోత్ చార్టు మీద చుక్క పెట్టి చూపించారు: ఆ వయసు పిల్లవాడు ఆరు నెలల్లో కిలోకు పైగా పెరగాలి. 24.2 నుంచి 24.1 అంటే పోయింది వంద గ్రాములు కాదు, పెరగాల్సిన కిలో కూడా పోయింది. అంకె చూడొద్దు, గీత చూడాలి. భారతీయ పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో 5 నుంచి 18 ఏండ్ల వయసుకు చార్టులు సవరించింది, పిల్లల డాక్టర్ దగ్గర దొరుకుతాయి. పిల్లవాడి చుక్క ఒక గీత మీది నుంచి కింది గీతకు జారుతుందంటే మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. తూకం ఎప్పుడూ ఒకే మిషన్ మీద, ఆదివారం పొద్దున, నిక్కరు బనీను మీద. మా ఇంటి మిషన్‌కూ దవాఖాన మిషన్‌కూ 600 గ్రాముల తేడా ఉంది. ఎత్తు గోడకు మడమలు ఆనించి, తల మీద అట్ట పెట్టి, మూడుసార్లు కొలిచి మధ్యది రాస్తాం.

ఎత్తు గురించి భయం అందరికీ ఉంటుంది, అది ఉత్త భయమేమీ కాదు. 1999లో మొదటి ఫలితాలు వచ్చిన ఎంటీఏ అనే అమెరికా అధ్యయనంలో 579 మంది పిల్లలు ఉన్నారు. మూడేండ్ల తర్వాత చూస్తే కొత్తగా మందు మొదలుపెట్టి ఆపకుండా వాడినవాళ్లు, మందు వాడనివాళ్లకంటే సుమారు 2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. రెండు సెంటీమీటర్లను ఒక పళ్లెంలో పెట్టి, బడిలో పోయే ఏండ్లను ఇంకో పళ్లెంలో పెట్టి చూసుకోవాల్సింది ఆ ఇంటివాళ్లే. మాకు బోర్డు మీది 8 వరుసల పళ్లెమే బరువుగా అనిపించింది. ధ్యాస ఇబ్బంది తక్కువగా ఉండి బడి ఎట్లనో నడుస్తున్న పిల్లవాడికైతే నేను ఈ పని చేయకపోదును.

ఆ ఆరో నెల తర్వాత మార్చింది రెండే. ఆదివారాలు, పండుగ సెలవుల్లో మందు వేయడం లేదు, వేసవిలో పూర్తిగా ఆపాం. అందరికీ ఇది కుదరదు: రోడ్డు మీదికి ఉరికే, గోడలెక్కే పిల్లవాడికి సెలవుల్లోనే ప్రమాదం ఎక్కువ, అట్లాంటివాడికి మందు ఆపొద్దు. మేడారం జాతరకు పోయినప్పుడు మేము కూడా వేశాం, ఆ జనంలో చెయ్యి విడిపించుకొని ఉరికితే దొరకడు. వేసవి ఆరు వారాల్లో బరువు 1.1 కిలో పెరిగింది. ఏడాది నిండేసరికి 25.4 కిలోలు, 129 సెంటీమీటర్లు.

మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి, అప్పుడు గంటల లెక్క మొత్తం మారుతుంది. పొద్దున ఎనిమిదింటికే బడి, పన్నెండున్నరకు ఇంటికి. పన్నెండు గంటల గోలి వేస్తే సగం మందు మధ్యాహ్నం ఇంట్లో ఖర్చవుతుంది, ఎండకు అసలే తినని పిల్లవాడికి అన్నం వేళ కూడా పోతుంది. మేడంను అడిగి ఆ ఐదారు వారాలు పొద్దున మామూలు గోలి 10 ఒక్కటే వేశాం. మధ్యాహ్నం ఒంటిగంటకు కడుపునిండా తిన్నాడు. డాక్టర్‌కు బడి వేళలు మారిన సంగతి మనం చెప్తేనే తెలుస్తుంది.

మిథైల్‌ఫెనిడేట్ పడనివాళ్లకు, అదురులు పెరిగినవాళ్లకు అటోమాక్సెటిన్ ఉంది. అది ఎక్స్ షెడ్యూల్ కాదు, మామూలు చీటీ మీద దొరుకుతుంది. కిలోకు 0.5 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి 1.2 దాకా పెంచుతారు. రెండు రోజుల్లో ఫలితం కనబడదు, 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మూడో వారంలోనే "పనిచేయలేదు" అని ఆపేయొద్దు. వాంతి వచ్చినట్టుండడం, మత్తుగా ఉండడం మొదట్లో మామూలు, అన్నం తిన్నాక వేస్తే తగ్గుతుంది. మూత్రం ముదురు రంగులో రావడం, కండ్లు పచ్చబడడం కాలేయం సంగతి, వెంటనే చూపించాలి. మొదటి నెలల్లో పిల్లవాడు చచ్చిపోతానని, బతకబుద్ధి కావడం లేదని అంటే ఊరికే అన్నాడని వదిలేయొద్దు, ఆ మందు మీద ఆ హెచ్చరిక ఉంది. క్యాప్సూల్ విప్పి పొడి కలపకూడదు, ఆ పొడి కండ్లకు మంట. నిద్ర కోసం, అదురుల కోసం క్లోనిడిన్ ఇస్తే ఒక్కటే గుర్తుపెట్టుకోండి: దాన్ని ఉన్నట్టుండి ఆపితే బీపీ పైకి లేస్తుంది, మెల్లగా తగ్గిస్తూ ఆపాలి.

ఇంట్లో పెద్దవాళ్లకు జవాబు చెప్పడం కూడా చికిత్సలో భాగమే. మా అత్తమ్మ "గింత పోరనికి మత్తుగోలీలెందుకు బిడ్డా, అలవాటైతె ఎట్ల?" అంది. ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఇది మత్తు ఇచ్చే మందు కాదని, మెదడులో డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు ఎక్కువసేపు నిలిచేటట్టు చేస్తుందని, 1954 నుంచి వాడుకలో ఉన్నదని చెప్పాం. డాక్టర్ చెప్పిన మోతాదులో నోటితో తీసుకునే పిల్లలు దానికి బానిసలు కావడం అరుదు. కానీ ఇంట్లో పెద్ద పిల్లలు పరీక్షలకు నిద్ర ఆపుకోవడానికి తీసుకునే ప్రమాదం నిజమే. అందుకే గోలీలు బీరువాలో తాళం వేసి ఉంటాయి, తాళం చెవి అత్తమ్మ కొంగుకే. నెల చివర లెక్కపెట్టేది కూడా ఆమే.

ఇప్పుడు నాలుగో తరగతి. ఏడాదికోసారి మందు లేకుండా చూడాలి కాబట్టి దసరా సెలవులు అయి బడి గాడిన పడ్డాక, పరీక్షలు లేని రెండు వారాలు చూసుకొని ఆపుతాం. తేదీలు ప్రిన్సిపాల్‌కు చెప్తాం, క్లాస్ టీచర్‌కు, ట్యూషన్ సారుకు చెప్పం, వాళ్ల చీటీలు మాత్రం ఎప్పటిలాగే వస్తాయి. బోర్డు మీది పదికి ఆరు వరుసలు మందు లేకుండా వస్తే తిరిగి వేయం. మూడు, నాలుగుకు పడిపోతే 18 మళ్లీ మొదలవుతుంది, మరుసటి ఆదివారం పొద్దున నిక్కరు బనీను మీద తూకం పేజీ తేదీతో సహా కొత్తగా గీసి ఉంచాం.